ఎకరం వరిమడికి కరెంటు బిల్లు: ఎండ ఎటు పోతుందో లెక్క కట్టడం ఎలా

తొమ్మిదో తరగతికి ఒకసారి ఆహార గొలుసు చెబుతూ బోర్డు మీద సూర్యుణ్ణి గీశాను. అక్కణ్ణుంచి వరికి ఒక బాణం, వరి నుంచి మిడతకు, మిడత నుంచి కప్పకు. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు శక్తిలో పదోవంతే చేరుతుందన్న సూత్రం ప్రకారం ప్రతి బాణం పక్కనా "10 శాతం" అని వేసుకుంటూ పోయాను. వెనక బెంచీలో ఒక పిల్లాడు లేచాడు. వాళ్లది సాగర్ ఎడమ కాలువ కింద రెండెకరాలు. "మేడమ్, ఎండలో పదోవంతు వరిలోకి పోతే ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు పండాలి?" అన్నాడు. రేపు చెబుతానని తప్పించుకున్నాను. రాత్రి కూర్చుని లెక్క వేస్తే 300 క్వింటాళ్లు వచ్చింది. మా మిర్యాలగూడ వైపు బాగా పండితే 24, ఇంకా బాగా పండితే 28. మర్నాడు ఆ మొదటి "10 శాతం" పిల్లల ముందే కొట్టేశాను.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా యాసంగి కోతలప్పుడు ప్రతి ఏడూ పిల్లలతో ఈ లెక్క కట్టించాను. ఇంట్లో పిల్లలున్నవాళ్లు, బడిలో చెప్పేవాళ్లు, ఊళ్లో కాస్త పొలం ఉన్నవాళ్లు ఎవరైనా చేయొచ్చు. కావాల్సినవి ఒక నోటుబుక్కు, వంటింటి తూకం, ఒక వేలాడే కాటా, నాలుగు మీటర్ల సుతిలి తాడు, ఒక గడ్డపార. దీనికోసం అడవికి పోనక్కర్లేదు. చార్టుల్లో ఉండే పులి, జింక బొమ్మలు నాకు నచ్చవు. ఆ పులి ఎంత తిన్నదో మనం తూచలేం. తూచలేనిదాన్ని పిల్లలు బట్టీ పడతారు.

లెక్కంతా కరెంటు యూనిట్లలో వేయండి. కిలో క్యాలరీలూ జౌళ్లూ అంటే పిల్లల మొహాలు వాడిపోతాయి. యూనిట్ అంటే మాత్రం బిల్లు వచ్చినప్పుడు ఇంట్లో జరిగే గొడవ గుర్తొస్తుంది. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. అది 860 కిలో క్యాలరీలకు సమానం. ఎండిన ధాన్యమైనా, ఎండుగడ్డయినా, ఎండిన పిడకైనా కిలోకు సుమారు 4 యూనిట్లు అనుకోండి. అటూ ఇటూ కొంచెం తేడా ఉంటుంది కానీ మన పనికి చాలు.

ముందు పడిన ఎండ

మన వైపు చదరపు మీటరు నేల మీద రోజుకు సగటున 5 యూనిట్ల ఎండ పడుతుంది. నాటు వేసిన రోజు నుంచి కోతదాకా 120 రోజులు పట్టుకుంటే 600 యూనిట్లు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. అంటే ఎకరం మీద ఒక్క పంటకాలంలో పడేది 24 లక్షల యూనిట్ల పైనే. మా ఇంటికి నెలకు వంద యూనిట్లు. ఇక్కడ పిల్లల్ని కాసేపు నోరు తెరవనివ్వండి, తొందరపెట్టకండి.

ఇప్పుడు మడి. కోతకు రెండు రోజుల ముందు, మిషన్ రాకముందే, మడి మధ్యలో దిగండి. గట్టు పక్కన వద్దు, అక్కడ ఎండ ఎక్కువ తగిలి పైరు ఏపుగా ఉంటుంది. తాడుతో మీటరు కొలతన చతురస్రం వేసి, లోపలి వరినంతా మొదలుదాకా కోయండి. కొయ్యకాళ్లను వేళ్లతో సహా తవ్వి మట్టి కడగండి. గింజ ఒక సంచిలో, గడ్డి ఒక సంచిలో, వేళ్లు ఇంకో సంచిలో.

మొదటి ఏడు మేం చేసిన పొరపాటు ఇక్కడే. కోసింది కోసినట్టు తూచాం. లెక్క రెట్టింపు వచ్చింది. పచ్చిగడ్డిలో సగానికి పైగా నీళ్లే, నీళ్లలో తిండి శక్తి సున్నా. డాబా మీద ఆరబోసి, రోజూ తూచి, రెండు రోజులు వరుసగా బరువు మారకపోతేనే రాసుకోండి. రాత్రి మంచుకు లోపల పెట్టడం మర్చిపోవద్దు.

మాకు ఒక ఏడు వచ్చిన అంకెలు: గింజ 600 గ్రాములు, గడ్డి 600, కొయ్యకాళ్లు వేళ్లు కలిపి 120. మొత్తం 1,320 గ్రాములు, కిలోకు 4 చొప్పున 5.3 యూనిట్లు. పడినవి 600, నిలిచినవి 5.3. వందకు ఒకటి కూడా లేదు.

పిల్లలు వెంటనే "మిగతాది ఎటు పోయింది?" అంటారు. జవాబు ముక్కలు ముక్కలుగా చెప్పాలి. ఎండలో సగం అసలు ఆకు వాడుకోలేని రకం, ఒంటికి వెచ్చగా తగులుతుందే తప్ప కిరణజన్య సంయోగక్రియకు పనికిరాదు. నాటిన మొదటి నెలలో పిలకల మధ్య నీళ్లే కనిపిస్తాయి, ఎండంతా వాటి మీద పడి ఆవిరికి పోతుంది. ఆకు మీద పడినదాంట్లోనూ కొంత వెనక్కి తిరిగిపోతుంది, ఆకు మనకు పచ్చగా కనబడేది అందుకే. ఇవన్నీ పోను తయారుచేసుకున్న చక్కెరలో కూడా సగం దాకా వరి తన బతుకు కోసం తానే కాల్చేసుకుంటుంది. రాత్రిపూట వరి ఊరికే నిద్రపోతుందని పిల్లల నమ్మకం. అది రాత్రంతా ఊపిరి పీలుస్తూ పగటి సంపాదన ఖర్చు పెడుతుంటుంది.

తాడుతో ఒక ఆట ఆడించండి. వరిలో నిలిచిన శక్తి ఒక మీటరు తాడు అనుకుంటే, పడిన ఎండ 113 మీటర్ల తాడు. మా బడి గేటు దగ్గర పట్టుకుంటే రెండో కొస కాలువ వంతెన దాకా పోయింది.

యూరియా సంగతి కూడా ఇక్కడే తేల్చేయాలి. "ఎరువు వేస్తే పైరుకు శక్తి వస్తుంది" అని ఇంట్లో పెద్దవాళ్లు అనే మాట పిల్లలు అలాగే రాస్తారు. యూరియా తిండి కాదు, ఇటుక లాంటిది. మేస్త్రీ కూలి ఎండే ఇవ్వాలి. ఇటుకలు మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు, పేడలోంచి మట్టిలోకి, మట్టిలోంచి వేరులోకి తిరుగుతూనే ఉంటాయి. కూలి డబ్బు మాత్రం ఒకసారి ఖర్చయితే అయినట్టే.

గట్టు మీద రెండు గంటలు

పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి గట్టు మీద కూర్చోండి. ఎవరు ఎవర్ని తింటున్నారో కళ్లతో చూసిందే రాయాలి. మొగి పురుగు, ఆకుముడత, దోమపోటు తెచ్చే దోమ, వాటి కోసం వల పన్నిన సాలీడు, తూనీగలు, కప్పలు, ఎలుక బొక్కలు, ఎలుకల కోసం వచ్చే జెర్రిపోతు, కొంగలు, పైన తిరిగే గద్ద. బాణం ఎప్పుడూ తినేవాడి వైపు చూడాలి. పిల్లల్లో పదికి ఏడుగురు తిరగేసి గీస్తారు, "కొంగ కప్పను తింటుంది కదా" అని కొంగ నుంచి కప్పకు. "శక్తి ఎటు పోయింది?" అని అడిగితే వాళ్లే దిద్దుకుంటారు.

ఇక్కడ 10 శాతం సూత్రం గురించి ఒక మాట. ఈ లెక్కల పద్ధతికి మూలపురుషుల్లో ఒకడు రేమండ్ లిండెమాన్ అనే అమెరికా కుర్రాడు. మిన్నెసోటాలో సెడార్ బాగ్ లేక్ అనే చిన్న చెరువు దగ్గర కొన్నేళ్లు కూర్చుని నాచు నుంచి చేపదాకా లెక్క రాశాడు. ఆ వ్యాసాన్ని పరిశీలకులు మొదట తిప్పి కొట్టారు. అచ్చయ్యేసరికి, అంటే 1942 అక్టోబరుకి, అతను లేడు. ఆ జూన్‌లోనే, 27 నిండకుండానే పోయాడు. అతని అంకెలు చూడండి: ఎండలోంచి మొక్కలు పట్టింది 0.1 శాతం, మొక్కల్లోంచి వాటిని తినేవాళ్లకు 13.3, అక్కణ్ణుంచి వేటాడేవాళ్లకు 22.3. పది ఎక్కడా లేదు. గుర్తు పెట్టుకోవడానికి తేలికని మనం పది చేసుకున్నాం. నేనూ చేసుకున్నాను, ఆ పిల్లాడు లేచి అడిగేదాకా.

మన మడిలోనూ అంతే. సాలీడుకూ కప్పకూ ఒళ్లు వెచ్చగా ఉంచుకునే ఖర్చు లేదు. అందుకని తిన్నదాంట్లో మంచి భాగమే ఒంటికి పడుతుంది. పురుగుల్లో అరిగినదాంట్లో వందకు నలభై దాకా ఒంటిగా మారేవి ఉన్నాయి. కొంగకు అలా కాదు. అరిగిన వందలో ఒకటో, రెండో, మూడో ఒంటికి. మిగతాదంతా రెక్క కొట్టుకోవడానికీ నెత్తురు వేడిగా ఉంచుకోవడానికీ. ఒక మడిలో సాలీళ్లు వేలల్లో ఉండి, కొంగలు నాలుగైదే ఉండటంలో వింతేం లేదు.

మార్కెట్లో కొర్రమీను ధర బొచ్చె, రోహుల కంటే ఎక్కువ ఉండటానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటని నా అనుమానం. బొచ్చె నీళ్లలోని నలకలు తింటుంది, కొర్రమీను చేపపిల్లల్నీ కప్పల్నీ తింటుంది. ఒక మెట్టు పైనున్నవాడు తక్కువే దొరుకుతాడు. రుచి సంగతి వేరే.

చిన్నమ్మ బర్రె

అన్నిటికంటే ఎక్కువసేపు ఇక్కడ ఉండండి. కారణం ఒక్కటే, బర్రె తినేదీ ఇచ్చేదీ రెండూ తూచొచ్చు. మా చిన్నమ్మకు ఆరు లీటర్ల పాలిచ్చే బర్రె ఉండేది. ఒక ఆదివారం తెల్లవారి నుంచి సోమవారం తెల్లవారిదాకా నలుగురు పిల్లలు వంతులేసుకుని దాని వెనకే తిరిగారు. ఎండుగడ్డి 6 కిలోలు, 24 యూనిట్లు. పచ్చిగడ్డి 20 కిలోలు, ఆరబెడితే 4 కిలోలు, 16 యూనిట్లు. తవుడు, చెక్క కలిపి రెండున్నర కిలోలు, 10 యూనిట్లు. రోజుకు మొత్తం 50.

ఇక బయటికి వచ్చింది. బర్రె పాలు లీటరుకు 1.2 యూనిట్లు, ఆరు లీటర్లకు 7. పేడ తూచడానికి మొదట అందరూ ముక్కు మూసుకుంటారు, అర్ధగంటలో అలవాటు పడతారు. పచ్చి పేడ 24 కిలోలు పడింది. అందులోంచి కిలో తీసి పిడక కొట్టి అయిదు రోజులు ఎండబెడితే 200 గ్రాములు మిగిలింది. ఆ లెక్కన 24 కిలోలకు ఎండు పేడ 5 కిలోలకు కాస్త తక్కువ, అంటే దాదాపు 20 యూనిట్లు. తిన్నదాంట్లో ఐదింట రెండు వంతులు అరగకుండానే బయటికి. పొయ్యిలో పిడక మండేది ఆ శక్తితోనే. తేన్పుల్లో పోయే మీథేన్ గ్యాసు మనం పట్టలేం, పుస్తకాల ప్రకారం తిన్నదాంట్లో వందకు ఆరు వంతులు, 3 యూనిట్లు. మూత్రంలో ఇంకో 2.

7, 20, 3, 2 కలిపితే 32. తిన్నది 50. తేడా 18.

"ఎవరో దొంగతనం చేశారు మేడమ్" అన్నాడొకడు. బర్రె డొక్క మీద చెయ్యి పెట్టమన్నాను. ఆ వేడే 18 యూనిట్లు. రోజుకు 18 అంటే 750 వాట్ల ఇస్త్రీ పెట్టె రాత్రీ పగలూ ఆపకుండా నడిచినట్టు. ఆవులకంటే బర్రెకు చెమట గ్రంథులు తక్కువ, అందుకే మధ్యాహ్నం చెరువులో దిగి ముక్కు మాత్రం పైకి పెట్టి కూర్చుంటుంది. లెక్కలో మిగిలిన ఆ 18 యూనిట్లనే అది చెరువుకు అప్పజెబుతోంది.

ఇదంతా వింటూ చిన్నమ్మ నవ్వింది. "తిన్నదంతా పాలే అయితే నేనీపాటికి మేడ కట్టేదాన్ని గద బిడ్డా!" అంది.

పాల వాటా వందకు 14 వచ్చింది కదా అని దాన్ని సూత్రం చేయకండి. అది మనుషులు తరతరాలుగా ఎంచి ఎంచి పాల కోసమే పెంచుకున్న జంతువు. అదే బర్రె వట్టిపోయాక మళ్లీ లెక్క కట్టించాను. దాణా ఆపేశారు, అయినా రోజుకు 35 యూనిట్లపైనే తిన్నది. పాలు సున్నా, పేడ, వేడి మాత్రం ఉన్నాయి. ఒంటికేదీ పట్టకపోయినా ఊరికే నిలబడటానికి ఎంత ఖర్చో పిల్లలకు ఆ రోజు అర్థమైంది.

వీలుంటే మనుషుల పద్దు కూడా రాయించండి. మనిషికి రోజుకు సుమారు 2.5 యూనిట్ల తిండి కావాలి, అంటే వంద వాట్ల బల్బుతో సమానం. తలుపులు మూసిన గదిలో నలభై మంది కూర్చుంటే ఉక్కపోయడం అందుకే. 24 క్వింటాళ్ల ధాన్యం పట్టిస్తే 16 క్వింటాళ్ల బియ్యం, 6,400 యూనిట్లు. శక్తి మటుకే చూస్తే ఏడాదికి ఏడుగురి తిండి. ఆ ధాన్యం శక్తినంతా కోళ్లకు మేపి, ఆ కోళ్లను మనం తింటే ఒకరికి కాస్త మిగిలేటట్టు సరిపోతుంది. ఇది చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు "అయితే చికెన్ మానేయాలా?" అంటారు. నేను మానలేదు.

చార్టులో లేని దారి

ఇప్పుడు మడిలో మిగిలినవాటి వైపు చూడండి: కొయ్యకాళ్లు, వేళ్లు, రాలిన ఆకు, పేడ. బడి చార్టుల్లో విచ్ఛిన్నకారులు (చచ్చినదాన్ని కుళ్లబెట్టి తినే జీవులు) అని ఒక మూల పుట్టగొడుగు బొమ్మ వేసి వదిలేస్తారు. శక్తిలో ఎక్కువ భాగం పోయే దారి అదే. మన మడిలో పైరు పచ్చగా ఉన్నప్పుడు పురుగులు తిన్నది కొంచెమే, లేకపోతే మనకు పంటే ఉండదు. తక్కినది చచ్చాకే ఎవరో ఒకరి నోట్లోకి పోతుంది.

దుక్కి దున్నే రోజు ట్రాక్టరు వెనక కొంగలు బారులు తీరుతాయి. అవి ఏం తింటున్నాయో రాయించండి. వానపాములు, పేడ పురుగుల లార్వాలు, మట్టిలోంచి లేచే మిడతలు. ఆ వానపాములు ఏం తిన్నాయి? పోయిన పంట వేళ్లూ కొయ్యకాళ్లూ. అంటే జూన్‌లో ట్రాక్టరు వెనక నడిచే కొంగ తింటున్నది చాలామటుకు ఫిబ్రవరి, మార్చి నెలల ఎండ. బాణం అలా గీయాలి, వరి నుంచి చచ్చిన వేరుకు, దాన్నుంచి వానపాముకు, అక్కణ్ణుంచి కొంగకు.

గడ్డి తగలబెట్టడం ఇక్కడ లెక్కలోకి తెండి. ఎకరం గడ్డి 24 క్వింటాళ్లు, 9,600 యూనిట్లు. మా ఇంటి వాడకానికి ఎనిమిదేళ్ల కరెంటు. బర్రెకు రోజుకు 6 కిలోల చొప్పున 400 రోజుల మేత. అగ్గిపుల్ల గీస్తే అరగంట. నేను రైతు బిడ్డను, కూలీల కొరతా మళ్లీ దున్నే తొందరా తెలుసు. అందుకే పిల్లలతో తిట్టించను, లెక్క మాత్రం వేయిస్తాను. ఇంటికి పోయి వాళ్ల నాన్నకు ఆ 9,600 అంకె చెప్పి రమ్మంటాను.

చివరి ప్రయోగానికి గడ్డపార కావాలి. కొత్తగా పేడా గడ్డీ వేసిన పెంటకుప్ప చూసుకుని, సాయంత్రం గడ్డపారను మోకాలి లోతుకు దించి వదిలేయండి. తెల్లవారి, చలి ఉండగానే లాగండి. కొస పట్టుకోమంటే పిల్లలు చెయ్యి వెనక్కి లాక్కుంటారు. కుప్పలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు రాత్రంతా గడ్డిని తింటూ ఊపిరి వదిలిన వేడి అది. పేడలో ఉన్న 20 యూనిట్లు ఎటు పోయాయో చెప్పాలంటే నాకు ఇంతకంటే మంచి పాఠం దొరకలేదు. మామూలు మనిషి జ్వరం కొలిచే థర్మామీటరు పెట్టొద్దు, మాది ఒకటి పగిలింది.

ఇక నోటుబుక్కులో మొత్తం బొమ్మ. ఎడమ వైపు ఎండ, మధ్యలో వరి, దాన్నుంచి బర్రె, పురుగులు, మనుషులు, అడుగున మట్టి. ప్రతి గడి నుంచీ "వేడి" అని ఒక బాణం పైకి. ఆ బాణాలు ఎక్కడ ఆపాలని పిల్లలు తప్పకుండా అడుగుతారు. కొందరు వాటిని వంచి మళ్లీ సూర్యుడి దగ్గరికి తెస్తారు, నీటి చక్రం బొమ్మ అలవాటు. "పెంటకుప్ప వేడి మళ్లీ వరిలోకి పోదా మేడమ్?" అని ఒకమ్మాయి చాలాసేపు వాదించింది. వరి వేడిని తినలేదు, వెలుతురునే తింటుంది. ఆ వేడి గాలికెక్కి, రాత్రి ఆకాశంలోకి పోతుంది. కాబట్టి ఆ బాణాన్ని ఎక్కడా వంచకుండా పేజీ అంచు దాటించమని చెప్పండి. మా వాళ్లలో ఒకడు అది నిజమనుకుని పుస్తకం దాటించి బెంచీ పొడవునా స్కెచ్ పెన్నుతో గీశాడు. సాయంత్రం తడిగుడ్డ పెట్టి నేనే తుడిచాను, పూర్తిగా పోలేదు.